ఆట ఎవరిది?

పిల్లలూ, ఈ పాఠం నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

పోయిన ఏడాది దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం పక్క క్వార్టర్‌లో ఉండే అమ్మాయి వాళ్ళమ్మ ఫోన్‌ తెచ్చి, “ఆంటీ, ఈ ఆట చూడండి, అచ్చం మన ఇల్లే” అంది. చూశాను. ఒక క్వార్టర్‌, బయట ఒక లారీ, ఇంటినిండా సామాను. మడతమంచం, ఇనప పెట్టె, గ్యాస్‌పొయ్యి, ప్రెషర్‌ కుక్కర్‌, తులసికుండీ, తాతగారి ఫోటో. రైలు కూత వేసేలోగా అన్నిటినీ లారీలో సర్దాలి. ఏది ముందు పెట్టాలో తెలియకపోతే చివరికి ఏదో ఒకటి మిగిలిపోతుంది. మిగిలిన వస్తువును ఆ ఊళ్ళోనే వదిలేసి వెళ్ళాలి. ఒక్కో ఊరు దాటేకొద్దీ సామాను పెరుగుతుంది, లారీ మాత్రం పెరగదు. ఆఖరి మెట్టు ఖరగ్‌పూర్‌. లారీలో సర్దితే చాలదు, మన పొడవాటి ప్లాట్‌ఫారమ్‌ మీద ఆ చివరి దాకా పరుగెత్తాలి కూడా.

ఏడు బదిలీలు చూసినదాన్ని కదా, నాకు తెగ నచ్చింది. రాత్రి వంట ఆలస్యమైంది. మర్నాడు పదో తరగతిలో పాఠం పక్కన పెట్టి ఆ ఆట గురించే చెప్పాను. మొదటి తెరమీద కనిపించిన పేరు కూడా చెప్పి, ఎవరో గానీ మన కష్టం తెలిసినవాళ్ళు అన్నాను. గంట కొట్టాక చివరి బెంచీ కుర్రవాడు ఒకడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మేడమ్‌, మీరు చెప్పిన పేరు నాది కాదు. ఆట మాత్రం నాది.”

నేను నమ్మలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే. వాడు ఏమీ వాదించకుండా సంచిలోంచి లెక్కల నోటుపుస్తకం తీసి వెనక పేజీలు తిప్పాడు. పెన్సిలుతో గీసిన లారీ, మంచం, తులసికుండీ, కింద తేదీలు. కుక్కర్‌ బొమ్మకు ఒక పక్క పిడి లేదు. “ఇది మా అమ్మ కుక్కర్‌ మేడమ్‌. తేజ్‌పూర్‌ నుంచి వచ్చేటప్పుడు పిడి విరిగింది” అన్నాడు. ఆటలో కుక్కర్‌కు కూడా పిడి లేదు. ముందురోజు రాత్రి అది చూసి, బొమ్మ వేసినవాళ్ళు మర్చిపోయారేమో అనుకున్నాను.

వాళ్ళ నాన్నగారిది కలైకుండ వైమానిక స్థావరంలో ఉద్యోగం. అబ్బాయి పేరు ఇక్కడ రాయను, రాయొద్దని వాడే అడిగాడు. పేరు పోయిందని బాధపడిన పిల్లవాడే పేరు వద్దనడం మొదట నాకు వింతగా తోచింది. ఆలోచిస్తే వింత లేదు. పేరు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో చెప్పే హక్కు ఆ పేరున్నవాడిదే.

ఇంతకీ జరిగింది ఇది. వేసవి సెలవులు రెండు నెలలూ కూర్చుని వాడు ఆట తయారుచేశాడు. ఆటలు చేయడానికి గొడో అనే సాధనం ఉంది. దాన్ని తయారుచేసినవాళ్ళు 2014లో లోకానికంతటికీ ఉచితంగా ఇచ్చేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆట పూర్తయ్యాక నలుగురు స్నేహితులకు ఫైలుగా పంపాడు. నచ్చితే ఇరవై రూపాయలు ఇమ్మన్నాడు. ఇద్దరు ఇచ్చారు, ఒకడు సమోసా పెట్టించాడు, నాలుగోవాడు తర్వాత ఇస్తానన్నాడు. ఆ నలుగురి నుంచి నలభైమందికి, అక్కడి నుంచి వేరే బడులకు ఫైలు చేతులు మారింది. అంతవరకు వాడికి సంతోషమే. మూడు నెలల తర్వాత ఒక స్నేహితుడు, నీ ఆట కొత్తది వచ్చిందట, నా ఫోన్‌లో ఎక్కడం లేదేం అని అడిగాడు. వీడు కొత్తది ఏదీ చేయలేదు. వెతికితే, ఆటల ఫైళ్ళు ఉచితంగా దొరికే ఒక చోట అదే ఆట మరొకరి పేరుతో ఉంది. మెట్టు మెట్టుకీ మధ్య వ్యాపార ప్రకటనలు. ఆ ప్రకటనల డబ్బు ఎవరికి వెళుతుందో మీరే ఊహించుకోండి.

ఆ ఫోన్‌లో కొత్తది ఎందుకు ఎక్కలేదో తెలుసుకోవాలి. మనం ఫోన్‌లోకి ఎక్కించుకునే ఏపీకే ఫైలు నిజానికి ఒక మూట. అందులో బొమ్మలు, శబ్దాలు, ఆట నడిపే ప్రోగ్రామ్‌ అన్నీ కట్టి ఉంటాయి. తెలిసినవాళ్ళు ఆ మూట విప్పి, పేరున్న బొమ్మ తీసేసి తమ పేరు పెట్టి, ప్రకటనల ముక్క ఒకటి జోడించి మళ్ళీ కట్టేయగలరు. కానీ మూట కట్టేటప్పుడు చేసినవాడు ఒక డిజిటల్‌ సంతకం పెడతాడు. ఆ సంతకానికి కావలసిన తాళంచెవి అతని కంప్యూటర్‌లోనే ఉంటుంది. దొంగ ఆ సంతకం పెట్టలేడు, తనది పెట్టుకోవాలి. ఒక సంతకంతో ఉన్న ఆట మీద వేరే సంతకంతో అదే ఆటను ఎక్కించబోతే ఫోన్‌ ఒప్పుకోదు. మనుషులం నేను నమ్మలేదు గానీ, ఆ స్నేహితుడి ఫోన్‌ మాత్రం అసలు యజమానిని గుర్తుపట్టింది.

ఇప్పుడేం చేయాలి మేడమ్‌ అని వాడు అడిగాడు. నాకు ఛందస్సు తెలుసు గానీ ఆటల సంగతి తెలియదు. రెండు రోజులు సమయం అడిగాను.

తెలియదన్నాను గానీ, ఈ విషయంలో నా చేతులూ శుభ్రం కావు. డిగ్రీ చదివేటప్పుడు మా తమ్ముడికి ఆటల సీడీలంటే పిచ్చి. అసలు సీడీ కొనే స్తోమత ఇంట్లో లేదు. ఫుట్‌పాత్‌ మీద యాభై రూపాయలకు నకలు సీడీలు అమ్మేవాళ్ళు, పైన జిరాక్స్‌ కాగితం చుట్టి. పండక్కి వెళ్ళినప్పుడల్లా రెండు పట్టుకెళ్ళేదాన్ని. అది తప్పని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ ఆట వెనక మనిషి ఉంటాడని తడితే కదా! మిక్సీలాగా, ఫ్యానులాగా ఏదో ఫ్యాక్టరీలో పుడుతుందనుకున్నాను.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. వేరే రాష్ట్రాల్లో తెలుగు చదివే పిల్లల కోసం గుణింతాలు, ఒత్తులు నేర్పే అభ్యాసపత్రాలు మూడో పోస్టింగ్‌లో తయారుచేశాను. నూట ఇరవై పేజీలు, బొమ్మలు కూడా నేనే వేశాను. అడిగిన ప్రతి టీచరుకూ ఇచ్చాను. ఐదో పోస్టింగ్‌లో ఉండగా అవే పత్రాలు వాట్సాప్‌లో నాకే వచ్చాయి, పైన మరొకరి పేరుతో, “దయచేసి అనుమతి లేకుండా వాడవద్దు” అన్న హెచ్చరికతో సహా. ‘ఌ’ అక్షరం దగ్గర నేను చేసిన తప్పు కూడా అలాగే ఉంది. డబ్బు పోయిందని కాదు, నేను ఎప్పుడూ అమ్మలేదుగా. ఊరూరూ వదిలేసి వచ్చేవాళ్ళం. గోడమీద గీసిన పిల్లల ఎత్తుల గీతలు కూడా తర్వాత వచ్చేవాళ్ళు సున్నం కొట్టి చెరిపేస్తారు. ఇదొక్కటైనా నా పేరుతో తిరుగుతుందనుకున్నాను.

సరే, చదివి తెలుసుకున్న సంగతులకు వస్తాను.

పెద్ద కంపెనీల కోసం కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక్కోసారి ఒక్కరే కూర్చుని, సొంత డబ్బుతో ఆటలు చేసేవాళ్ళను ఇండీ డెవలపర్లు అంటారు. స్వతంత్రంగా చేసేవాళ్ళు అని అర్థం. గ్రీన్‌హార్ట్‌ గేమ్స్‌ అనే చిన్న సంస్థ అలాంటిదే. పాట్రిక్‌ క్లుగ్‌, డేనియల్‌ క్లుగ్‌ అనే అన్నదమ్ములది. వాళ్ళు చేసిన ఆట పేరు గేమ్‌ డెవ్‌ టైకూన్‌. ఆ ఆటలో మన పని ఏమిటంటే, ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టి దాన్ని పెద్దది చేయడం. 2013 ఏప్రిల్‌లో కంప్యూటర్ల కోసం అమ్మకానికి పెట్టారు. వెల దాదాపు ఎనిమిది డాలర్లు, అప్పటి లెక్కలో 430 రూపాయల చిల్లర.

ఎలాగూ ఎవరో ఒకరు దొంగ కాపీ చేస్తారని వాళ్ళకు తెలుసు. అందుకని వాళ్ళే ముందుగా ఒక దొంగ కాపీ తయారుచేసి, కాపీలు దొరికే చోట పెట్టేశారు. అసలు ఆటకూ దీనికీ ఒక్కటే తేడా. దొంగ కాపీ ఆడేవాళ్ళు కొన్ని గంటలు హాయిగా ఆడతారు, కంపెనీ ఎదుగుతూ ఉంటుంది. అప్పుడు ఆటలోని ఉద్యోగి వచ్చి, మన కొత్త ఆటను జనం ఆడుతున్నారు గానీ కొనడం లేదు, దొంగ కాపీలు దించుకుంటున్నారు, ఇలాగైతే దివాలా తీస్తాం అని చెబుతాడు. అక్కడి నుంచి ఎంత మంచి ఆట చేసినా డబ్బు రాదు. చివరికి కంపెనీ మూతపడుతుంది.

అసలు తమాషా తర్వాత జరిగింది. దొంగ కాపీ ఆడుతున్నవాళ్ళు కొందరు, జనం మా ఆటలు దొంగిలిస్తున్నారు, ఇది అన్యాయం, దీన్ని ఆపే మార్గం ఆటలో ఏదైనా ఉందా అని బహిరంగంగా అడిగారు. తాము ఏ కాపీ ఆడుతున్నారో మర్చిపోయారు పాపం. నేను ఇది చదివి గట్టిగా నవ్వాను. తర్వాత తమ్ముడి సీడీలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మొదటి రోజు గడిచాక అన్నదమ్ములు లెక్క చూసుకున్నారు. కొన్నవాళ్ళు 214 మంది. దొంగ కాపీ ఆడినవాళ్ళు, లెక్కకు తెలిసినంతవరకే, 3,104 మంది. లెక్కల మాస్టారిని అడిగితే శాతం చెబుతారు, నేను చెబుతాను వినండి. కొన్నవాళ్ళు నూటికి ఏడుగురు కూడా లేరు. ఆ కథ లోకమంతా పాకాక చాలామంది వచ్చి కొన్నారు, సంస్థ నిలబడింది. అయితే ఒకసారి పండిన ఉపాయం రెండోసారి పండదు. అన్నదమ్ములకు అది వచ్చింది, తర్వాత అలా చేసినవాళ్ళకు ఆ పేరు రాదు.

తాళం వేసుకోవచ్చు కదా అంటారేమో. వేస్తారు. ఆట మొదలుపెట్టేటప్పుడు కొన్నదో కాదో అడిగే ఏర్పాట్లు చాలా ఉన్నాయి. 2008లో వచ్చిన వరల్డ్‌ ఆఫ్‌ గూ అనే ఆటను చేసిన ఇద్దరు మిత్రులు ఏ తాళమూ వేయలేదు. ఆడుతున్నవాళ్ళలో నూటికి ఎనభై, తొంభైమంది కొననివాళ్ళే అని లెక్క తేలింది. కానీ తాళం వేసిన మరో చిన్న ఆట లెక్కలు చూస్తే అక్కడా దాదాపు అంతే. అంటే తాళం దొంగను ఆపలేదు. నిజాయతీగా కొన్నవాడే ప్రతిసారీ తాళం తీసుకోవాల్సి వస్తుంది. మరుసటి ఏడాది ఆట పుట్టినరోజుకు, మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి అన్నారు ఆ మిత్రులు. యాభై వేలమందికి పైగా తీసుకున్నారు. ఎక్కువమంది ఎంచుకున్న ధర ఒక్క సెంటు. మానవస్వభావం గురించి ఇంతకంటే రాయను.

పోలండ్‌లో యాసిడ్‌ విజార్డ్‌ అనే చిన్న బృందం ఉంది. కొన్నేళ్ళు కష్టపడి డార్క్‌వుడ్‌ అనే ఆటను 2017 ఆగస్టులో పూర్తిచేశారు. రాత్రిపూట అడవిలో జరిగే భయపెట్టే ఆట, చిన్నపిల్లలకు కాదు. కొన్నవాడు ఒకడు డబ్బు వాపసు ఇమ్మంటూ కారణం రాశాడు. నెలాఖరున బిల్లులు కట్టలేక అమ్మానాన్నలు సతమతమవడం చూడలేకపోతున్నాను అన్నది దాని సారాంశం. అది చదివిన ఆ బృందం కదిలిపోయి, తాళాలేమీ లేని తమ ఆటను తామే కాపీలు దొరికే చోట అందరికీ ఉంచేసింది. కొనలేనివాళ్ళు ఇది తీసుకోండి, నచ్చితే ఎప్పుడైనా ధర తగ్గినప్పుడు కొనండి అన్నారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు. ఆటను తెరిచే కీలను తిరిగి అమ్మే అంగళ్ళలో మాత్రం కొనకండి అని.

ఆ కోపం ఎందుకో చెప్పాలి. ఆటను కొన్నప్పుడు ఒక అంకెల వరుస ఇస్తారు, దాన్ని కీ అంటారు. సమీక్షలు రాస్తామనీ, వీడియోలు చేస్తామనీ చెప్పి కొందరు ఉచితంగా కీలు అడిగి తీసుకుని, వాటిని బయట అమ్ముకుంటారు. దొంగిలించిన కార్డులతో కొన్న కీలు కూడా అక్కడికి చేరతాయి. కొన్నవాడు తాను నిజాయతీగా డబ్బు కట్టాననే అనుకుంటాడు. ఆ డబ్బులో పైసా కూడా ఆట చేసినవాడికి అందదు. ఉచితంగా ఆడేవాడికంటే ఆ అంగడే ఎక్కువ హాని అని ఆ బృందం అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే. మన కుర్రవాడి విషయంలో కూడా సమోసాతో సరిపెట్టినవాణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. పేరు చెరిపి ప్రకటనలు అంటించినవాడిది వేరే లెక్క.

ఇంకో సంగతి. మీలో చాలామంది 2048 ఆడి ఉంటారు. అంకెల పలకలను అటూ ఇటూ తోసి జతకలిపే ఆట. అంతకుముందు, 2014 ఫిబ్రవరిలో, త్రీస్‌ అనే ఆట వచ్చింది. ఇద్దరు ముఖ్యంగా కూర్చుని పద్నాలుగు నెలలు చెక్కిన ఆట. నెలరోజులు తిరక్కుండానే దాన్ని పోలిన 1024 వచ్చింది. దాన్ని చూసి ఇటలీలో పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒక శనాదివారాల్లో 2048 చేసి ఉచితంగా పెట్టాడు. లోకమంతా దాన్నే ఆడింది. అసలు త్రీస్‌ చూసినవాళ్ళు, ఇదేదో 2048ని చూసి చేసినట్టుందే అన్నారు. చేసినవాళ్ళు తమ పద్నాలుగు నెలల ఉత్తరాలన్నీ బయటపెట్టి, మేం ఇంత ఆలోచించాం చూడండి అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇది దొంగతనమా? చట్టం ప్రకారం కాదు. పలకలు తోసి కలపడం అనే ఆలోచన ఎవరి సొంతమూ కాదు. దాన్ని వ్యక్తం చేసిన తీరు, బొమ్మలు, ప్రోగ్రామ్‌, పాటలు సొంతం. తెలుగు పిల్లలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. రంగనాథ రామాయణం ఉంది, భాస్కర రామాయణం ఉంది, మొల్ల రామాయణం ఉంది. రాముడి కథ ఎవరైనా రాయవచ్చు. మొల్ల పద్యాలు తీసుకుని కింద ఇంకొకరి పేరు రాస్తే మాత్రం ఊరుకోం. దీన్నే మనవాళ్ళు గ్రంథచౌర్యం అన్నారు. పదో శతాబ్దపు రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవులు ఒకరి మాటలూ భావాలూ ఇంకొకరు తీసుకోవడం గురించి ప్రత్యేకంగా అధ్యాయాలే రాశాడు, ఏ రకం తీసుకోవడం ఎంతవరకు చెల్లుతుందో విడదీస్తూ. వెయ్యేళ్ళ కింద కూడా ఇది అంత తేలిక లెక్క కాదన్నమాట.

ఇక్కడ ఒక చాటుకథ చెప్పాలి. చరిత్ర కాదు, మన పెద్దలు చెప్పుకునే కథ. నంది తిమ్మన స్త్రీ ముక్కును వర్ణిస్తూ ఒక అందమైన పద్యం రాశాడట. ముక్కు తిమ్మన అన్న పేరు అందుకే వచ్చిందంటారు. రామరాజభూషణుడికి ఆ పద్యం మీద మనసైంది. ఊరికే తీసుకోలేదు. వరహాలు చెల్లించి కొనుక్కుని తన వసుచరిత్రలో పెట్టుకున్నాడట. ఒక్క పద్యానికి! నాకు ఆ కథలో నచ్చేది ధర కాదు. ఇద్దరూ మహాకవులే. రామరాజభూషణుడు ఇంకో ముక్కు పద్యం రాసుకోలేకనా? నచ్చింది ఇంకొకరిది కాబట్టి వెళ్ళి అడిగాడు. అడిగాడు కాబట్టే ఆ పద్యం తిమ్మనదని మనం ఈనాటికీ చెప్పుకుంటున్నాం.

ఆటల పాఠంలోకి పద్యం తెచ్చింది మేడమ్‌ అనుకుంటున్నారు కదూ. నేను తేలేదు, చట్టమే తెచ్చింది. మన దేశపు కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులో సాహిత్యకృతి అంటే ఏమిటో నిర్వచించిన చోట కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌ను కూడా చేర్చారు. అంటే చట్టం కళ్ళకు మన కుర్రవాడి ప్రోగ్రామూ సాహిత్యమే, వసుచరిత్రా సాహిత్యమే. ఇది చదివిన రోజు వాణ్ణి పిలిచి, “ఏరా కవీ” అన్నాను. వాడు అయోమయంగా చూశాడు.

చట్టంలో మీకు పనికొచ్చేవి రెండు మూడు చెబుతాను. హక్కు రావడానికి ఎక్కడా నమోదు చేయించనక్కర్లేదు. రాసిన క్షణమే, గీసిన క్షణమే హక్కు పుడుతుంది. నమోదు ఉంటే రుజువు తేలికవుతుంది, అంతే. 57వ సెక్షన్‌ ఇంకా గొప్పది. కృతి మీద హక్కులన్నీ అమ్మేసుకున్నా కూడా, ఇది చేసింది నేను అని చెప్పుకునే హక్కు చేసినవాడి దగ్గరే ఉంటుంది. డబ్బు హక్కు వేరు, పేరు హక్కు వేరు అని చట్టమే విడదీసింది. దొంగ కాపీ అని తెలిసి కూడా ఒక ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో వాడితే శిక్ష ఉందని 63బి సెక్షన్‌ చెబుతుంది. ఏడు రోజుల నుంచి మూడేళ్ళ వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫుట్‌పాత్‌ సీడీలు కొన్న రోజుల్లో నాకు ఈ సెక్షన్‌ తెలియదు, తెలిసి ఉంటే తమ్ముడికి మిఠాయి కొనేదాన్ని. గొడోలాంటి వాటిని మాత్రం నిశ్చింతగా కాపీ చేసుకోవచ్చు, ఎందుకంటే చేసినవాళ్ళే ఇచ్చారు. కాపీ చేయడమే తప్పు కాదు. అడగకుండా చేయడం తప్పు.

ఇలాంటి సంగతులు నేర్పే బడి మనకు నాలుగు అడుగుల్లోనే ఉంది. ఖరగ్‌పూర్‌ ఐఐటీలో 2006లో రాజీవ్‌ గాంధీ మేధోసంపత్తి న్యాయ విద్యాలయం పెట్టారు. గేటు ముందు నుంచి ఎన్నిసార్లు ఆటోలో వెళ్ళానో, లోపల ఇంజనీర్లే ఉంటారనుకున్నాను. మీలో ఆటలు చేసేవాళ్ళు ఉన్నట్టే, వాళ్ళ తరఫున వాదించేవాళ్ళూ ఉండవచ్చు.

మన దేశంలో చిన్న బృందాలు ఆటలు చేయడం ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. హైదరాబాదులో ఓగర్‌ హెడ్‌ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో అసుర అనే ఆట తెచ్చింది, మన పురాణాల ఛాయలతో. పుణెలో నోడింగ్‌ హెడ్స్‌ వాళ్ళు రాజీ అనే ఆటకు జనం నుంచి చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. అయినా ఆపకుండా 2020లో విడుదల చేశారు. ఇలాంటివాళ్ళ పరిస్థితి అర్థం కావాలంటే ఒక సినిమా గుర్తు తెచ్చుకోండి. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది విడుదలకు ముందే దాదాపు గంటన్నర భాగం బయటికి వచ్చేసింది. పోలీసు కేసు పెట్టారు, విడుదల ముందుకు జరిపి 27వ తేదీనే వదిలారు. జనం థియేటర్లకు పోటెత్తారు, సినిమా ఘనవిజయం సాధించింది. పెద్ద హీరోకు అభిమానులు కాపలా ఉంటారు. వార్త వేయడానికి టీవీలు ఉంటాయి. పదో తరగతి కుర్రవాడి ఆట పోతే ఎవరికి తెలుస్తుంది? తెలుగు మేడమే వేరేవాడి పేరు చెప్పి మెచ్చుకుంది!

రెండు రోజుల గడువు రెండు వారాలైంది. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ ఫైళ్ళు పెట్టిన చోటికి ఫిర్యాదు రాశాం. ముందు తెలుగులో రాయించాను, కోపమంతా అందులో పోయాక ఇంగ్లీషులో రాశాం. నోటుపుస్తకం పేజీల ఫోటోలు, కంప్యూటర్‌లోని ఫైళ్ళ తేదీలు, సంతకం వివరాలు జతచేశాం. తొమ్మిదో రోజున తీసేశారు. వాడు గెంతులేశాడు. నాలుగు వారాలకు అదే ఆట మరో పేరుతో మళ్ళీ వచ్చింది.

“మళ్ళీ రాద్దామా?” అన్నాను.

“రాద్దాం మేడమ్‌. కానీ ఈసారి నేనొకటి చేశాను” అన్నాడు.

క్లుగ్‌ అన్నదమ్ముల కథ వాడికి చెప్పింది నేనే కాబట్టి బాధ్యత నాదే. రెండో కూర్పులో వాడు కొత్త ఊళ్ళు చేర్చాడు. మొదటి తెరమీది పేరును ఎవరైనా మార్చితే ఆట దాన్ని గమనిస్తుంది. ఏమీ అనదు. మామూలుగానే సాగుతుంది. ఒక్కో ఊరు దాటినప్పుడల్లా కుక్కర్‌ మాత్రం ఒక వేలెడంత పెరుగుతుంది. ఆడేవాడికి మొదట తెలియదు. తేజ్‌పూర్‌ దగ్గర కొంచెం ఇరుకనిపిస్తుంది. ఖరగ్‌పూర్‌ చేరేసరికి లారీ తలుపు మూసుకోదు, రైలు కూత వేస్తుంది. ఇది కూడా ఎవరో ఒకరు విప్పుతారు కదరా అన్నాను. “విప్పనీండి మేడమ్‌. అది విప్పాలంటే నేను రాసిందంతా ఒక్కో వరుసా చదవాలి” అన్నాడు.

ఫిబ్రవరిలో వాళ్ళ నాన్నగారికి జోధ్‌పూర్‌ బదిలీ వచ్చింది. పరీక్షలు అయ్యాక సామాను సర్దుతుంటే చూడ్డానికి వెళ్ళాను. లారీలో మంచం, పెట్టె, తులసికుండీ ఎక్కాయి. వాళ్ళమ్మగారు పిడి లేని కుక్కర్‌ చేత్తో పట్టుకుని, ఇది వదిలేద్దామా అని అడిగారు. అబ్బాయి ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుని, లారీ ఎక్కి, రెండు పరుపుల మధ్య దూర్చాడు. పట్టింది.

స్కూలు కంప్యూటర్‌ గదిలో మూడో కంప్యూటర్‌లో ఆట ఉంది. ఆడాలనుకున్నవాళ్ళు ఆడుకోవచ్చు, ఇంటికి తీసుకెళ్ళాలంటే వాణ్ణి అడగాలి. చిరునామా నా దగ్గర ఉంది.